గర్భసంచి ఆపరేషన్‌కు ముందు రెండో అభిప్రాయం: కాగితాలు రోగి చేతికి ఇవ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. డాక్టరు చెప్పిన వైద్యం సరైనదేనా అన్న సందేహం కలిగినప్పుడు, ముఖ్యంగా ఆపరేషన్ తప్పదని చెప్పినప్పుడు, మరో డాక్టరుకు చూపించుకుని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది. ఆ హక్కు కాగితం మీద స్పష్టంగానే ఉన్నా మన రెండు తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాల్లో దాన్ని వాడుకోగలిగినవారు తక్కువ. గర్భసంచి తొలగించే ఆపరేషన్ల విషయంలో ఇందువల్ల మన ఆడవాళ్లకు జరుగుతున్న నష్టం పెద్దది కాబట్టి దాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తర్వాతి సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలు దేశ సగటుకు రెండింతలకు పైనే నిలిచాయి. మన ప్రాంతపు స్త్రీలకు మిగతా దేశం కంటే రెండింతలు జబ్బు ఉందని నేను నమ్మలేను. తేడా ప్రధానంగా సలహా ఇచ్చే పద్ధతిలోనూ, ఆ సలహాకు మారు మాట లేకుండా తలూపే మన అలవాటులోనూ ఉందని నా అభిప్రాయం. ఈ ఆపరేషన్లన్నీ అనవసరమని నేను అనడం లేదు. మందులకు లొంగని రక్తస్రావంతో ఏళ్ల తరబడి బాధపడి, ఆపరేషన్ తర్వాతే కోలుకున్నవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. ఎవరికి అవసరమో, ఎవరికి కాదో తేల్చుకునే అవకాశం రోగికి దక్కడం లేదన్నదే నా బాధ.

మా బంధువుల అమ్మాయి ఒకరికి 36 ఏళ్ల వయసులో నెలసరి పది రోజులు దాటి, గడ్డలు గడ్డలుగా రక్తం పోవడం మొదలైంది. మిరపకాయ కోతలకు వెళ్లే మనిషి. నడుము నొప్పి, నీరసం సరే సరి. దగ్గరి పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీయించారు. గర్భసంచి కొంచెం ఉబ్బి ఉందనీ, వెనుక గోడలో 2 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ చెప్పారు. డాక్టరమ్మ ఆ రిపోర్టు చూసి, ‘ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంకా సంచితో పనేముందమ్మా, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది’ అని చెప్పి వచ్చే సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు. రక్తం ఎంత ఉందో పరీక్షించడం గానీ, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం గానీ అప్పటికి జరగలేదు. ఇంకొకరికి చూపించుకుంటామని ఆమె భర్త కౌంటరు దగ్గర రిపోర్టులు అడిగితే, ‘ఫైలు మా దగ్గరే ఉంటుందండీ, ఆపరేషన్‌కు వచ్చినప్పుడు చూసుకోవచ్చు’ అన్నారు. ఆయన మరోసారి అడగలేకపోయాడు. చివరికి ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో స్కానింగుతో సహా అన్నీ మొదటి నుంచి చేయించుకోవలసి వచ్చింది. అక్కడ తేలినదేమిటంటే, హిమోగ్లోబిన్ చాలా తక్కువగా, 7 గ్రాముల దగ్గర ఉంది, థైరాయిడ్ బాగా మందగించి ఉంది. థైరాయిడ్ మందగించినా నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది. లోపలి పొర ముక్కలో క్యాన్సర్ ఛాయలేమీ కనిపించలేదు. థైరాయిడ్ మాత్రలు, ఐరన్, రక్తస్రావం తగ్గే మందులు వాడాక కొన్ని నెలల్లో నెలసరి దారికి వచ్చింది. గర్భసంచి అలాగే ఉంది, ఆ 2 సెంటీమీటర్ల గడ్డా అలాగే ఉంది, ఆమె కోతలకు వెళుతోంది.

‘వదిలేస్తే క్యాన్సర్’ అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎన్నో సంతకాలు ఆ ఒక్క మాట మీదే పడుతున్నాయి. ఫైబ్రాయిడ్లు అనే ఈ గడ్డలు క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారడం కూడా అత్యంత అరుదు. నెలసరి ఆగిపోయే వయసు వచ్చాక ఇవి సాధారణంగా కుంచించుకుపోతాయి. తెల్లబట్ట విషయంలోనూ అంతే, దానికి ఎక్కువగా కారణం ఇన్ఫెక్షన్లు, వాటికి మందులున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనుమానం నిజంగా ఉంటే పాప్ స్మియర్ వంటి పరీక్ష, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ముందు చేయాలి. పరీక్ష లేకుండా సంచి తీసేసి, తీసిన తర్వాత అందులో ముదిరిన క్యాన్సర్ బయటపడితే, మామూలు పద్ధతిలో చేసిన ఆ ఆపరేషన్ సరిపోకపోగా తర్వాతి వైద్యాన్ని మరింత కష్టం చేస్తుంది. అంటే క్యాన్సర్ భయం ఉన్నప్పుడే తొందరపడకుండా పరీక్ష చేయించుకోవడం ఇంకా ముఖ్యం.

సంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే ముప్పయ్యవ పడిలోనే నెలసరి ఆగిపోయిన స్త్రీ శరీరం అవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి మొదలుకొని ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం వరకూ ఆమె మోయవలసి వస్తుంది. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని సంతకం పెట్టే ముందు అడిగినవారు నాకు తెలిసిన కుటుంబాల్లో ఒక్కరూ లేరు. రక్తస్రావం తగ్గించే మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూపు, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ వంటి మార్గాలు ఉన్నాయని కూడా చాలామందికి రెండో డాక్టరు దగ్గరే తెలుస్తుంది.

చట్టం రోగి పక్షానే ఉంది. వైద్యుల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల ప్రకారం, రోగి గానీ ఆయన తరఫువారు గానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లోగా ఇచ్చి తీరాలి. 2023లో కొత్త నిబంధనలు వచ్చినా వాటిని వెంటనే నిలిపివేశారు కాబట్టి ఇప్పటికీ 2002 నిబంధనలే వర్తిస్తాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కుల్లో రెండో అభిప్రాయం ఒకటి. దాని కోసం అడిగిన రికార్డులను ఆలస్యం లేకుండా, అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలనీ, అడిగినందుకు రోగి పట్ల వివక్ష చూపితే అది మానవ హక్కుల ఉల్లంఘన అవుతుందనీ అందులో ఉంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు ఆమె అనుమతి లేకుండానే గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు ఇస్తూ, చేయబోయే వైద్యం ఏమిటి, దానివల్ల లాభమేమిటి, ముప్పేమిటి, వేరే మార్గాలున్నాయా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవన్నీ తెలిపి తీసుకున్న అనుమతే అనుమతి అని స్పష్టం చేసింది. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్ల మీదే దాఖలైన మరో వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలులోకి తేవాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

ఇన్ని ఉన్నా, మా బంధువుల అమ్మాయి భర్తను కౌంటరు దగ్గర ఆపింది ఒక్క ఫైలు. రిపోర్టులు చేతిలో లేని మనిషి రెండో డాక్టరు దగ్గరకు వెళ్లడమంటే పరీక్షల ఖర్చు మళ్లీ పెట్టుకోవడం, కూలి మళ్లీ పోగొట్టుకోవడం. ఆ ఖర్చుకు జడిసే చాలామంది ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నారు. అందువల్ల అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన అత్యవసరం కాని ఆపరేషన్ల విషయంలో చాలదు. ఆపరేషన్ చేయాలని సలహా ఇచ్చిన రోజునే, రోగి అడగకుండానే, స్కానింగ్ ఫిల్ములు, రక్త పరీక్షల రిపోర్టులతోపాటు, ఆపరేషన్ ఎందుకు అవసరమో, వేరే మార్గాలు ఎందుకు పనికిరావో తెలుగులో రాసిన ఒక కాగితం ఇవ్వాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీకీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవకూ ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రులు కాగితాలన్నీ ఆ పథకాలను నడిపే ట్రస్టుకు పంపుతూనే ఉన్నాయి. ట్రస్టు డాక్టరు చూడగలిగిన కాగితాలను, ఎవరి శరీరం గురించి ఆ కాగితాలు ఉన్నాయో ఆ మనిషి చూడకూడదనడానికి కారణం నాకు కనిపించడం లేదు.

అడగడానికి జంకు ఎందుకో నాకు అర్థమవుతుంది. చిన్న పట్టణంలో ఉండేది ఒకరిద్దరు గైనకాలజిస్టులు. ఈరోజు వేరేవారి దగ్గరికి వెళితే రేపు అర్ధరాత్రి కాన్పు నొప్పులకు తలుపు తీయరేమోనన్న భయం ఉత్త భయం కాదు. అయినా, ‘మేడమ్, పెద్ద ఆపరేషన్ కదా, ఇంట్లోవాళ్లు ఒకసారి ఇంకొకరికి చూపించమంటున్నారు, రిపోర్టులు ఇప్పించండి’ అని మర్యాదగా అడిగితే మంచి డాక్టర్లు నొచ్చుకోరు. తామే పేరు చెప్పి, చీటీ రాసి పంపేవారు ఉన్నారు. సందేహం ఉన్న కేసుల్లో మరో వైద్యుణ్ణి సంప్రదించడం డాక్టరు బాధ్యతేననీ, అలాంటి సంప్రదింపుల్లో అసూయకు, పోటీకి తావుండకూడదనీ అవే 2002 నిబంధనలు చెబుతున్నాయి. అడిగినందుకు కోపగించుకునే డాక్టరు చేత కడుపు కోయించుకోవాలా అన్నది ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవాలి.

ఎవరిని అడగాలన్నదీ అంతే ముఖ్యం. ఊళ్లోని ఆర్ఎంపీ మాట రెండో అభిప్రాయం కాదు. మొదటి ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఆయనే అయినప్పుడు మరీ కాదు. అదే ఆసుపత్రిలో పక్క గదిలోని డాక్టరును అడిగినా పెద్దగా ఉపయోగం ఉండదు. వేరే చోట, అదే విభాగంలో అనుభవం ఉన్నవారిని, వీలైతే బోధనాసుపత్రిలో అడగాలి. స్కానింగ్ రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ములు లేదా సీడీ, బయాప్సీ చేసి ఉంటే ఆ ముక్కను భద్రపరిచిన స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా తీసుకువెళ్లాలి, ఎందుకంటే రెండో డాక్టరు చూడవలసింది మొదటివారి తీర్పును కాదు, ఆ తీర్పుకు ఆధారాన్ని. వెళ్లగానే ఫైలు చేతిలో పెట్టకుండా ముందు బాధ ఏమిటో మొదటి నుంచి చెప్పుకోవడం మంచిదని నా నమ్మకం. ఇద్దరి మాటా కలవకపోతే, ఎందుకు కలవలేదో ఇద్దరినీ అడగాలి. మనకు నచ్చిన మాట దొరికేదాకా డాక్టర్లను మార్చుకుంటూ పోవడం మాత్రం రెండో అభిప్రాయం కాదు. క్యాన్సర్ నిర్ధారణ అయినవారు ఈ పేరుతో నెలలు గడిపి నాటు మందుల వైపు మళ్లడం మరీ ప్రమాదం. వాళ్లు కూడా రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, కానీ రోజుల్లో ముగించాలి. గుండెపోటు, పక్షవాతం, గర్భసంచి బయట నిలిచిన గర్భం పగిలి లోపల రక్తం కారడం వంటి సమయాల్లో ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న వ్యవధి నాలుగున్నర గంటలే.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు నా విన్నపం ఇది. 40 ఏళ్ల లోపు స్త్రీకి, ప్రాణం మీదకు రాని సందర్భంలో, గర్భసంచి తీయాలని సలహా ఇచ్చే ప్రతి ఆసుపత్రీ ఆ రోజే రిపోర్టుల నకళ్లు ఇచ్చి రసీదు తీసుకోవాలనీ, ఆ రసీదు లేని కేసుకు పథకం కింద ముందస్తు అనుమతి ఉండదనీ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితాలతో వచ్చే స్త్రీలను చూడడానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో, బోధనాసుపత్రిలో గైనిక్ ఓపీలో వారానికి ఒక పూట కేటాయించాలి. ఏ రోజు, ఏ గదిలో చూస్తారో గ్రామాల్లోని ఆశా కార్యకర్తలకూ, ఆసుపత్రుల్లోని ఆరోగ్యమిత్రలకూ ముందుగా తెలపాలి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నరసరావుపేట