ఆ క్యారియర్ ఇంకా మా దగ్గరే ఉంది

అందరికీ నమస్కారం. నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మనిషిని. మా ఆయన ఆటో నడుపుతారు. వరదలో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకి దండం పెడుతూ ఈ నాలుగు ముక్కలు పోయినేడాదే రాయాల్సింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరిని మర్చిపోతానేమోనని బెంగ పుట్టి లేచిపోయేదాన్ని. మొన్న సెప్టెంబరు 1కి బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చి ఏడాది నిండింది. ఇంకా ఆపితే బావుండదు.

2024 ఆగస్టు 31 శనివారం, పగలూ రాత్రీ ఒకటే వాన. ఆదివారం పొద్దున నేను కాఫీ కలిపేటప్పుడు వీధిలో చీలమండల దాకా ఉన్న నీళ్లు పదకొండయ్యేసరికి ఇంట్లో మంచం పట్టె అందుకున్నాయి. 2005లో పొంగిన బుడమేరుని చూసిన మా మామయ్యగారు "వస్తాయి, పోతాయి" అంటూ కుర్చీ దిగలేదు. ఈసారి ఎగువన గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయన్న సంగతి ఆయనకేం తెలుసు, మాకేం తెలుసు. ఫ్రిజ్ తేలుతూ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం పడింది. కుట్టుమిషను ఎత్తాలా, బాబు పదో తరగతి పుస్తకాలు ఎత్తాలా, మామయ్యగారిని ఎత్తాలా? మామయ్యగారినే ఎత్తాం.

మొదటి దండం పైఅంతస్తు పిన్నిగారికి. అంతకు నెల ముందు నుంచీ మోటారు కరెంటు బిల్లు దగ్గర మాకూ వాళ్లకీ మాటల్లేవు. ఆవిడే మెట్ల మీద నిలబడి "పోట్లాట తర్వాత పెట్టుకుందాం, ముందు పెద్దాయన్ని పైకి తెండి" అని కేకేశారు. రెండు గదుల్లో పద్నాలుగు మందిమి. ఉన్న గ్యాసుబండ ఒక్కటే. అందులోనే మా మామయ్యగారికి విడిగా ఉప్పు లేని ఉప్మా. బిల్లు సంగతి ఇప్పటికీ తేలలేదు. తేలకపోయినా ఫర్వాలేదు, ఈ నెల నుంచి నేనే కడుతున్నాను పిన్నీ, మీరు వద్దనకండి.

మామయ్యగారికి కిడ్నీ జబ్బు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్, అంటే మిషను పెట్టి రక్తం శుభ్రం చేయించాలి. ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. పొటాషియం పెరుగుతుందని అరటిపండు వద్దంటారు, కొబ్బరినీళ్లు వద్దంటారు, చింతపండు పులుసు వద్దంటారు. వరదలో పంచేవేమో అవే. డ్రోను ఒకటి గుయ్యిమంటూ వచ్చి డాబా మీద పొట్లం దించితే పిల్లలు చప్పట్లు కొట్టారు. విప్పి చూస్తే పులిహోర. మేమందరం ఆవురావురుమని తిన్నాం. చుట్టూ ఇన్ని నీళ్లు పెట్టుకుని రోజుకి మూడు గ్లాసులు తాగే మనిషి మాత్రం గోడకి తిరిగి పడుకున్నారు.

మంగళవారం ఎలాగైనా ఆస్పత్రికి చేర్చాలి. మా సందులోకి పడవ తిరగదన్నారు. ఒకతను తిప్పుతానని రెండు వేలు అడిగాడు. అప్పుడొచ్చాడు ఆ కుర్రాడు. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి రప్పించిన మత్స్యకారుల్లో ఒకడు, మీసాలు కూడా సరిగా రాలేదు. పడవని సందు మొదట్లో కరెంటు స్తంభానికి కట్టేసి, గుండెల్లోతు నీళ్లలో నడిచొచ్చి, మా ఆయన ఒక పక్క, తను ఒక పక్క పట్టుకుని మామయ్యగారిని కుర్చీతో సహా మోసుకెళ్లారు. పడవలో ఎక్కించాక "తాతా, ఊరికే కూర్చోకు, ఈ తెడ్డు పట్టుకో" అని ఒళ్లో తెడ్డు పెట్టాడు. మూడు రోజుల్లో మామయ్యగారు నవ్వింది అప్పుడే. ఫోన్లన్నీ చచ్చిపోయి ఉన్నాయి, నంబరు తీసుకోలేదు. పేరడిగితే ఏదో చెప్పాడు, నీళ్ల హోరులో వినపడలేదు. నాయనా, నువ్వు ఎక్కడున్నా సరే, మా ఇంట్లో నిన్ను "తెడ్డు తమ్ముడు" అంటాం.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద ఊరంతా ఉంది. ముందురోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయని ఎవరో చెబుతున్నారు. కృష్ణ అంత నిండుగా పారుతుంటే మన బుడమేరు నీళ్లు ఎటు పోతాయి అని ఇంకొకరు. ఆ గందరగోళంలో ఒకావిడ అందరికీ పులిహోర పొట్లాలు పంచుతోంది. మా ఆయన "మా నాన్నకి కిడ్నీ జబ్బండి, ఇది పెట్టకూడదు" అని వెనక్కిచ్చారు. ఆవిడ పక్కన ఆపిన స్కూటీ దగ్గరికి వెళ్లి, సీటు ఎత్తి, స్టీలు క్యారియర్ తీసుకొచ్చింది. "ఇది నాకోసం తెచ్చుకున్నానండి. తెల్లన్నం, సొరకాయ కూర. మా అత్తగారికి బీపీ, మా ఇంట్లో ఉప్పు తక్కువే." క్యారియర్ ఎలా తిరిగివ్వాలని నేనడిగేలోగా "తర్వాత ఇద్దురుగాని, ముందు తినిపించండి" అంటూ జనంలోకి వెళ్లిపోయింది. పొద్దున్నుంచీ నిలబడి పంచుతున్న మనిషి, ఆ రోజు తనేం తిన్నదో నాకు తెలీదు.

ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రం నాలుగు. మా వంతు పొద్దున ఏడింటికే అయిపోయింది. బరువు చూస్తే ఒంట్లో చేరిన నీటితో నాలుగున్నర కేజీలు ఎక్కువ, కాళ్లు నొక్కితే గుంటలు పడుతున్నాయి. డ్యూటీ దిగి బ్యాగు భుజాన వేసుకున్న టెక్నీషియన్ అమ్మాయి మామయ్యగారి మొహం చూసి బ్యాగు తీసి మళ్లీ మేకుకి తగిలించింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండి మిషను నడిపింది. తర్వాత వారం రోజులూ మమ్మల్ని పెనమలూరులో మా ఆడపడుచు ఉంచుకుంది. సొంతవాళ్లకి థాంక్స్ చెప్తే తిడుతుంది కాబట్టి ఆవిడ గురించి ఇంతే.

నీళ్లు తీశాక ఇంటికొచ్చాం. ఇల్లు కాదు, అడుసు. ఫైరింజన్ వాళ్లు పైపు పెట్టి కొడుతుంటే గోడల రంగుతో సహా కొట్టుకుపోయింది. కుట్టుమిషను తలుపు దగ్గర బోర్లా పడుంది. వన్‌టౌన్‌లో రిపేరు చేసే తాతగారు దాన్ని విప్పి, సామాన్లన్నీ కిరసనాయిలు పళ్లెంలో వేసి రాత్రంతా నానబెట్టారు. షటిల్‌లోంచి గుండుసూదితో బురద తీస్తూ "దీని ఆయుష్షు గట్టిదమ్మా" అన్నారు. బెల్టుకీ మోటారుకీ మాత్రమే తీసుకున్నారు. కూలి ఎంతంటే "మా ఆవిడకి రెండు జాకెట్లు కుట్టి పెట్టు" అన్నారు. తాతగారూ, రెండూ ఇచ్చాను కదా, మూడోదానికి మామ్మగారు ఆది జాకెట్టు ఇంకా పంపలేదు.

నా కొలతల పుస్తకం నీళ్లలో ముద్దైపోయింది. పద్దెనిమిదేళ్ల కొలతలు. వినాయక చవితికి ఇవ్వాల్సిన జాకెట్లు పదకొండు పోయాయి, అందులో ఒక పెళ్లికూతురి మగ్గం వర్కు జాకెట్టు కూడా. ఆ తల్లి దగ్గరికి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. ఆవిడే వచ్చి, వాకిట్లో బురద చూసి, ఏం మాట్లాడకుండా కొత్త గుడ్డా లైనింగూ చేతిలో పెట్టి వెళ్లింది. ఇంకొకావిడ డబ్బు కట్టమంది. ఆవిడ కోపం న్యాయమే, పట్టుగుడ్డ ఖరీదు ఎవరికైనా ఖరీదే. నెలకింత చొప్పున ఉగాదికల్లా తీర్చేశాను. తీర్చిన రోజు ఇంకో రెండు జాకెట్లు కుట్టడానికిచ్చింది. నాకు ఆ రెండు జాకెట్లే ఎక్కువ సంతోషం.

మా డ్వాక్రా గ్రూపు అక్కలు రెండు నెలలు నా కంతు తలా కాస్త వేసుకుని కట్టారు. వరద నష్టం లెక్కల కోసం ప్రభుత్వం వాళ్లు ఇళ్లకి వచ్చిన రోజున మా తలుపుకి తాళం ఉందట, సాయం అందేవాళ్ల మొదటి జాబితాలో మా పేరు లేదు. అరిచాను, ఏడ్చాను, ఒకచోట కాదు. చివరికి మా వార్డు సచివాలయంలో పనిచేసే ఒక అమ్మాయి ఆదివారం ఇంటికొచ్చి, గోడ మీద నీటి గీత ఫొటో తీసుకుని మళ్లీ ఎక్కించింది. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000, ఆటోలకిచ్చిన 10,000 రూపాయలు ఆలస్యంగానైనా మాకూ పడ్డాయి. ఆటో ఇంజనుకి అంతకు రెట్టింపయింది, ఆ మిగతాది ఆటోస్టాండు వాళ్లు చేబదులిచ్చారు. సంక్రాంతికి మా అమ్మాయి ఓణీల వేడుక పిన్నిగారి డాబా మీదే చేశాం. కొన్న ఓణీ వరదపాలైంది కాబట్టి మా తమ్ముడు రెండోసారి కొన్నాడు, కిక్కురుమనకుండా.

ఇక మా వాడి పదో తరగతి. పుస్తకాలు డాబా మీద ఆరేస్తే అప్పడాల్లా లేచాయి. వాళ్ల లెక్కల సారు తన ఖర్చుతో నోట్సు జిరాక్సు తీయించి ఇచ్చారు. ఇద్దరు క్లాసు పిల్లలు సాయంత్రాలు వచ్చి సోషల్ నోట్సు వాడితో కలిసి తిరగరాశారు. ఏప్రిల్ 23న రిజల్టు, 600కి 476. టాపరేం కాదు. కానీ మామయ్యగారు ఆ అంకెని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నారు. ఇప్పుడు డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. చచ్చిన ఫ్రిజ్ మీద మొదటి ప్రయోగం చేశాడు, ఫ్యూజు కొట్టేసింది.

ఆ క్యాలెండర్ గురించి ఒక మాట. డయాలసిస్ అయిన ప్రతి తారీఖు మీదా మామయ్యగారు చిన్న సున్నా చుడతారు. మొన్న పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని లెక్కపెట్టారు. ఏడాదికి 104 సున్నాలు. ఒక్కటీ తప్పలేదు. వరదప్పటి సెప్టెంబరు 3 మీది సున్నా మాత్రం వంకరగా ఉంది, ఆ రాత్రి చెయ్యి వణికిందట.

ఫ్లైఓవర్ మీద స్కూటీ అక్కగారూ, మిమ్మల్నే వెతుకుతున్నాను. మూడు గిన్నెల క్యారియర్, పై గిన్నె మూత మీద "పె.సు." అని చెక్కి ఉంది, పిడి దగ్గర చిన్న సొట్ట. ఆ సొట్ట మాది కాదు, మీదే. ఆ అక్షరాలు మీకు తెలిసినవాళ్లవైతే చెప్పండి, మా ఆయన ఆటోలో తెచ్చిస్తారు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అత్తయ్య పట్టు. మూడు గిన్నెలు కాబట్టి సున్నుండలు, చక్రాలు అనుకుంటున్నాం. మూడోదాంట్లో సొరకాయ కూరే పెట్టమంటున్నారు మామయ్యగారు.