ఆ పట్టీ రంగు ఎరుపు కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత సంస్థానాల మీద వచ్చిన వ్యాసం బాగుంది. రాసినవారు కష్టపడ్డారు. నా పేచీ వ్యాసంతో కాదు, దానిపైన అరపేజీ నిండా వేసిన రంగుల బొమ్మతో. పంతొమ్మిదో శతాబ్దపు నలుపు తెలుపు ఫొటోకి ఏదో యాప్‌తో రంగులు వేయించినట్టున్నారు. రాజావారి తలపాగా పసుపు, కోటు ఆకుపచ్చ. అవి అసలు ఏ రంగువో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి వదిలేద్దాం. కానీ కుడి భుజం మీంచి ఎడమ నడుముకి ఏటవాలుగా దిగిన వెడల్పాటి పట్టీకి యాప్ ఎర్రరంగు పూసింది. కింద మీవాళ్ళు ‘రాచ దుస్తుల్లో, పతకాలతో’ అని రాసి ఊరుకున్నారు. ఆ పట్టీ ఎర్రది కాదు. లేత నీలం, రెండంచులా తెలుపు.

రాజమండ్రిలో మాది పాత ఫొటో స్టూడియో. రంగుల ఫిల్ము ఊళ్ళోకి రాకముందు మా నాన్నగారు, ఆయన దగ్గర నేర్చుకుని నేనూ, నలుపు తెలుపు ఫొటోలకి చేత్తో రంగులు అద్దేవాళ్ళం. పుల్లకి దూది చుట్టి, రంగులో ముంచి, సగం రంగు పాతగుడ్డకి తుడిచేసి, అప్పుడు చెంపల మీద పెట్టాలి. మామూలు ఫొటోల్లో చీరకి ఏ రంగు వేసినా ఇంట్లోవాళ్ళు సంతోషంగా పట్టుకెళ్ళేవారు. దివాణాల నుంచి వచ్చే ఫొటోలతోనే చిక్కు. ఛాతీ మీద నక్షత్రం, మెడలో బిళ్ళ, భుజాన పట్టీ ఉన్న పెద్దాయనకి రంగు తప్పిందా, ఫొటో వెనక్కి వచ్చేది, డబ్బులు మాత్రం వచ్చేవి కావు. అందుకని ఏ బిరుదుకి ఏ రంగో నాన్నగారు అడిగీ చదివీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఈ ఉత్తరంలో సగం ఆ నోటుబుక్కు చలవే.

ముందు ఫొటో చెప్పే సాక్ష్యం. ఆ కాలం గాజు ప్లేట్లకి ఎరుపు కనిపించేది కాదు, నీలం మాత్రం అతిగా కనిపించేది. ఎర్రటి గుడ్డ ప్రింటులో దాదాపు నల్లగా పడుతుంది, లేత నీలం తెల్లగా పాలిపోతుంది. మన నానమ్మల పాత ఫొటోల్లో కుంకుమబొట్టు నల్లటి చుక్కలా ఉండేది ఇందుకే. మీ బొమ్మలో పూసిన ఎరుపు కిందనుంచి కూడా పట్టీ తెల్లగా ఉన్నట్టు తెలిసిపోతోంది. అది నిజంగా ఎర్రదే అయితే కోటుకన్నా నల్లగా పడి ఉండాలి. యాప్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండో సాక్ష్యం ఎడమ ఛాతీ మీద నక్షత్రం. భూతద్దం పెట్టి చూశాను. నడుమ ఐదు కోణాల చుక్క, చుట్టూ కిరణాలు. అది ‘స్టార్ ఆఫ్ ఇండియా’ ఆర్డరుది, అంటే బ్రిటిషు రాణి ఇచ్చిన బిరుదుల్లో ఒకటి. భుజాన పట్టీ కూడా ఉంది కాబట్టి అందులో మొదటి తరగతి, అంటే పేరు వెనక జి.సి.ఎస్.ఐ. రెండో తరగతి కె.సి.ఎస్.ఐ. వారికి భుజం పట్టీ ఉండదు. బిళ్ళ అదే నీలం రిబ్బనుతో మెడలో వేలాడుతుంది, ఛాతీ మీద నక్షత్రం ఉంటుంది. మూడో తరగతి సి.ఎస్.ఐ. వారికి నక్షత్రమే లేదు. మొదటివారి నక్షత్రానికి కిరణాలు బంగారం, రెండోవారికి వెండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర కె.సి.ఎస్.ఐ. ఆయన బొమ్మ గీసి భుజాన నీలం పట్టీ వేస్తే అదీ తప్పే. విజయనగరం విజయరామ గజపతి గారిదీ కె.సి.ఎస్.ఐ.యే. హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ మాత్రం జి.సి.ఎస్.ఐ.

రంగు గురించి ఇంత గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ రంగులు, ఆ బిళ్ళలు అలంకారానికి పుట్టినవి కావు కాబట్టి. 1857 తిరుగుబాటు అణిచాక, 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక, తమతో నిలిచిన సంస్థానాధీశుల్ని కట్టిపడేసుకోవడానికి విక్టోరియా 1861లో ఈ ఆర్డర్ పెట్టింది. రాణి అధిపతి, వైస్రాయి గ్రాండ్ మాస్టరు, కింద పాతికమంది నైట్లు. తరగతులు అప్పుడు లేవు, 1866లో వచ్చాయి. ఇంగ్లండులో ఇలాంటి బిరుదులకి శిలువ గుర్తు మామూలు. హిందువులకీ ముస్లింలకీ శిలువ తొడిగితే కుదరదని నక్షత్రం పెట్టారు. ‘స్వర్గపు వెలుగే మనకి దారి’ అనే అర్థం వచ్చే మాట ఎంచుకున్నారు, ఏ దేవుడి పేరూ లేకుండా. ఆ మాటని బిళ్ళలో లేత నీలం ఎనామిల్ వలయం మీద వజ్రాలతో పొదిగారు. ఇంతవరకూ తెలివైన పనే. కానీ ఆ వలయం నడుమ ఓనిక్స్ రాతిలో చెక్కి పెట్టింది విక్టోరియా ముఖాన్నే.

అక్కడే హైదరాబాదులో అడ్డం తిరిగింది. అప్పటి నిజాం అఫ్జలుద్దౌలా, ఐదో అసఫ్‌జా. ఆయన తరఫున సాలార్‌జంగ్ రెసిడెంటు (బ్రిటిషు ప్రతినిధి) దగ్గర అభ్యంతరాలు పెట్టాడు. ఆర్డరుతో పాటు పాదాల దాకా జారే మాంటిల్ అనే అంగీ వేసుకోవాలి, లేత నీలం శాటిన్, లోపల తెల్ల పట్టు. మా దేశపు దుస్తులు కాని దుస్తులు వేసుకోవడం నిజాంకి గానీ ఇక్కడి జనానికి గానీ సరిపడదన్నాడు. పట్టు, మఖమలు మగవాళ్ళు ధరించడం మతానికి విరుద్ధమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణమున్న మనిషి రూపాన్ని ఒంటి మీద వేలాడేసుకోవడం ముస్లింకి తగదన్నాడు. ఇంగ్లీషువాళ్ళకి ఇది వింతగా తోచింది. గౌరవం ఇస్తుంటే వద్దనడమేమిటని. మొత్తానికి నిజాం పేరు మొదటి జాబితాలోనే ఉంది. గ్వాలియర్ సింధియా, భోపాల్ సికందర్ బేగం పేర్లూ అందులోవే. ఆ బేగం ఆడమనిషి అయ్యుండి నైట్ కావడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

ఇంకో మెలిక ఉంది. మన నవాబులకీ రాజులకీ అంతకుముందు తెలిసిన మర్యాద ఖిల్లతు. పాదుషా ఇచ్చిన శాలువా, కత్తి తోషఖానాలో పెట్టుకుంటే తరవాతి తరానికి దక్కేవి. స్టార్ ఆఫ్ ఇండియా అలా కాదు. పుచ్చుకునేటప్పుడే రాసివ్వాలి, నేను పోయాక వారసులు ఈ చిహ్నాలు తిరిగి అప్పగిస్తారని. ఇంగ్లండులో గార్టర్ అనే పాత ఆర్డరు పద్ధతీ అంతే. నైట్ పోతే దగ్గరి మగబంధువు బిళ్ళనీ నక్షత్రాన్నీ స్వయంగా రాజు చేతికి ఇచ్చి రావాలి. అక్కడ అది ఆచారం. ఇక్కడ వజ్రాలు మెడలో వేసి పూచీకత్తు రాయించుకున్నట్టు. నా మటుకు నాకు ఆ సాలార్‌జంగ్ అభ్యంతరాలే ఈ కథలో అసలు సంగతి. ఫొటోలో హుందాగా నిలబడ్డ మనిషి వెనక ఇంత తర్జనభర్జన ఉంటుంది.

(రాజుల దగ్గర భద్రంగా ఉంటాయన్న నమ్మకం కూడా ఏం లేదు లెండి. ఐర్లండు కోసం పెట్టిన సెయింట్ ప్యాట్రిక్ ఆర్డరు వజ్రాల నక్షత్రమూ బిళ్ళా 1907లో డబ్లిన్ కోటలోంచే దొంగతనం అయ్యాయి. ఇప్పటికీ దొరకలేదు.)

రాజులకే కాక ఉద్యోగులకీ జమీందార్లకీ పంచడానికి 1878లో ‘ఇండియన్ ఎంపైర్’ అని రెండో ఆర్డరు పెట్టారు. దాని రిబ్బను ముదురు నీలం, ఊదాకి దగ్గర. గురజాడ వారిని ఆదరించిన ఆనంద గజపతి గారు జి.సి.ఐ.ఇ., ఈ ఆర్డరులో మొదటి తరగతి. ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు కె.సి.ఐ.ఇ. మొదట్లో దీని బిళ్ళ ఐదు రేకుల గులాబి. రేకుకో అక్షరం చొప్పున ‘ఇండియా’ అనే ఇంగ్లీషు మాట ఉండేది, నడుమ మళ్ళీ విక్టోరియా. తరవాత బిళ్ళ చిన్నది చేసి అక్షరాలు తీసేశారు. ఫొటోలో రేకుల మీద అక్షరాలు కనిపిస్తే అది తొలినాళ్ళదని పోల్చుకోవచ్చు. హారాల్లోనూ తేడా ఉంది. స్టార్ ఆఫ్ ఇండియా హారంలో తామరలు, తాటాకు కొమ్మలు, గులాబీలు. ఇండియన్ ఎంపైర్ హారంలో ఏనుగులు, నెమళ్ళు, గులాబీలు. పని చూస్తే రెండోదే అందం. తూకం చూస్తే మొదటిదే ఘనం.

ఎర్ర పట్టీ అసలే ఉండదని నేననడం లేదు. బాత్ అనే ఇంకో బ్రిటిషు ఆర్డరు రిబ్బను ఎరుపు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి స్టార్ ఆఫ్ ఇండియాతో పాటు అదీ ఉంది, కాబట్టి ఆయన ఫొటోకి ఎరుపు పడవచ్చు. ఇక కొడుకు ఉస్మాన్ అలీఖాన్ గారి ఫొటోలు రంగులద్దేవాడికి నిజంగా పరీక్ష. 1911లో జి.సి.ఎస్.ఐ., 1917లో జి.బి.ఇ., అంటే బ్రిటిష్ ఎంపైర్ ఆర్డరులో మొదటి తరగతి. ఈ రెండోదాని రిబ్బను మొదట ఊదా రంగు, 1937లో దాన్ని గులాబీ రంగుకి మార్చి బూడిదరంగు అంచులు పెట్టారు. అంటే ఫొటో ఏ సంవత్సరందో తెలియకుండా రంగు వేయకూడదు. నాన్నగారి నోటుబుక్కులో ఈ పేజీకి మాత్రం ఎర్రసిరాతో రెండు గీతలున్నాయి.

కుడి ఎడమలు కూడా చూసుకోవాలి. 1348 ప్రాంతంలో మూడో ఎడ్వర్డు పెట్టిన గార్టర్, ఇంగ్లండులో అన్నిటికన్నా పాతదీ పెద్దదీ. దాని నీలం పట్టీ ఎడమ భుజం మీంచి దిగుతుంది. స్టార్ ఆఫ్ ఇండియాది, బాత్‌ది కుడి భుజం మీంచి. నక్షత్రం మాత్రం అందరికీ ఎడమ ఛాతీ మీదే. మన జమీందారు ఎవరైనా కుడి ఛాతీ మీద నక్షత్రంతో కనిపిస్తే ఆయన పొరపాటు కాదు, నెగటివు తిరగేసి ప్రింటు వేశారన్నమాట. ఈ తప్పు మా వృత్తిలో ఎన్నిసార్లు జరిగిందో చెబితే పరువు పోతుంది.

పేరు ముందు ‘సర్’ ఉన్న ప్రతివారికీ పట్టీ తొడగడం కూడా ఈమధ్య ఎక్కువైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1931లో వచ్చింది నైట్ బ్యాచిలర్. అది ఏ ఆర్డరులోనూ చేరదు, భుజం పట్టీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఆ ‘సర్’ని కూడా వాడలేదు.

ఇదే శీర్షికలో పోయినవారం ఒక పాఠకుడు, ఇలాంటి ఫొటోలు వేయడమే బానిసబుద్ధి, రాజ్యాంగం పద్దెనిమిదో అధికరణ బిరుదుల్ని ఎత్తేసింది కదా అని రాశారు. ఆయన కోపం అర్థమవుతుంది. స్టార్ ఆఫ్ ఇండియా, ఇండియన్ ఎంపైర్ రెండిట్లోనూ 1948 తర్వాత ఎవర్నీ చేర్చుకోలేదు. చివరి సభ్యుడు ధ్రాంగధ్రా మహారాజు 2010లో పోయారు. అవి ఇక లేచి వచ్చేవి కావు. ఫొటోలు దాచేస్తే మాత్రం ఎవరు ఏ షరతుకి తలవంచారో, ఎవరు గింజుకున్నారో తెలిసే దారి పోతుంది. బొమ్మలు వేయండి. కింద ఏ ఆర్డరు, ఏ తరగతి, ఏ సంవత్సరం అని ఒక్క వాక్యం రాయించండి. ‘పతకాలతో’ అంటే ఏమీ చెప్పనట్టే.

జిల్లాల్లో పాత ఇళ్ళవారికి కూడా ఒక మాట. తాతగారి ఫొటో యాప్‌లో పెట్టి రంగుల కాపీ ఫ్రేము కట్టించి, అసలుది అటకెక్కిస్తున్నారు. అసలుది చెదపట్టకుండా చూడండి. వెనక అట్ట మీద స్టూడియో ముద్ర, తేదీ ఉంటే వాటిని కూడా ఫొటో తీసి పెట్టుకోండి. పట్టీ రంగు తేల్చడానికి చాలాసార్లు ఆ తేదీయే ఆధారం.

మీ పత్రికవారికి రంగు తేలని ఫొటో దొరికితే దాన్ని నలుపు తెలుపులోనే అచ్చు వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాత ఫొటో స్టూడియో యజమాని,
రాజమహేంద్రవరం