3 సెంట్ల స్థలంలో 18 మీటర్లు ఎక్కడ దొరుకుతాయి? పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రకాశం జిల్లా దర్శి దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. పల్లెల్లో సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు, కట్టుకోబోతున్నవాళ్ల తరఫున మిమ్మల్ని అడిగేది ఇది: ఇంటి ప్లానుకు పంచాయతీ అనుమతి ఇచ్చేటప్పుడే బోరు ఎక్కడ వేయాలో, మరుగుదొడ్డి గుంట ఎక్కడ తవ్వాలో కొలిచి గుర్తు పెట్టి ఇవ్వాలి. ఆ తర్వాత ఆ బోరు నీళ్లను ఏటా ఒకసారి పరీక్ష చేసి, ఫలితం ఆ ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. ఇప్పుడు ఈ రెండూ ఎవరి పనీ కాకుండా ఉన్నాయి.

ముందు దూరం సంగతి. సెప్టిక్ ట్యాంకుల గురించి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 2470 ప్రకారం, ట్యాంకులోంచి వచ్చే నీరు భూమిలోకి ఇంకే చోటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంటికి 6 మీటర్ల కంటే దగ్గరగా ఉండకూడదు. ఇక మా స్థలాలు చూడండి. 3 సెంట్లంటే సుమారు 121 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 11 మీటర్లు. ఈ మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టినా 16 మీటర్లు రాదు. ఒకటిన్నర సెంటు ఇచ్చిన కాలనీల్లో అయితే 11 మీటర్లే. ఇల్లే కట్టకుండా ఖాళీగా వదిలేసి, బోరు ఒక మూల, గుంట ఎదురు మూల పెట్టుకున్నా 18 మీటర్లు కుదరవన్నమాట.

కుదరదు కాబట్టి ఎవరూ కొలవడం లేదు. ఎక్కడ వీలైతే అక్కడ, మేస్త్రి చెప్పిన చోట తవ్విస్తున్నారు. మాలో చాలామంది వాస్తు చూసుకుంటారు. బోరు ఈశాన్యంలో వేస్తారు, గుంట వాయవ్యంలో తవ్విస్తారు. ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ పాటిస్తాం. కానీ వరసగా ఇళ్లున్న వీధిని ఒక్కసారి ఊహించుకోండి. నా ఈశాన్యం మూల గోడ దాటితే తూర్పు పక్కింటివాళ్ల వాయవ్యం. అందరూ ఒకే పద్ధతి పాటిస్తే, ప్రతి ఇంటి బోరూ పక్కింటి గుంటకు గోడ అవతలే ఉంటుంది. నా స్థలంలో నేనెంత జాగ్రత్త పడ్డా లాభం లేదు. ఇది వీధి మొత్తాన్ని ఒకేసారి చూసి తేల్చాల్సిన పని, వీధి మొత్తాన్ని చూడగలిగేది పంచాయతీ ఒక్కటే.

మేము సెప్టిక్ ట్యాంకు అని పిలుచుకునేది కూడా చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు కాదు. అసలైనదైతే అడుగున కాంక్రీటు వేసి, నీళ్లు భూమిలోకి దిగకుండా కట్టాలి. మా దగ్గర సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించి, అడుగు మట్టికే వదిలేసి, పైన మూత పెడతారు. ఏళ్లు గడిచినా నిండకపోతే గుంట బాగుందని సంతోషిస్తారు. నిండకపోవడానికి కారణం, అంతా కిందికి దిగిపోతూ ఉండటమే. మట్టి మందంగా ఉంటే క్రిములను చాలావరకు ఆపుతుంది. మా వైపు పైన పల్చటి మట్టి, దాని కింద రాయి. రాతి పగుళ్లలో వడపోత ఉండదు. బోరు వేసేవాళ్లు కూడా కేసింగ్ పైపును గట్టి రాయి తగిలేదాకా దించి ఆపేస్తారు. పైపు చుట్టూ ఉన్న సందులో సిమెంటు పోయించుకునే ఇల్లు అరుదు. గిన్నెలు తోమిన నీళ్లు, వాన నీళ్లు ఆ సందులోంచే దిగుతాయి.

మా వీధిలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాను. కిట్టుతో నీటి పరీక్ష చేయడం నేర్చుకున్న పొదుపు సంఘం అమ్మాయి ఒకామె వచ్చి, ఆ ఇంటి బోరు నీళ్లను చిన్న సీసాలో గీత వరకు పట్టింది. మూత బిగించి, ఎండ తగలని చోట కదల్చకుండా ఉంచమంది. మర్నాటికి సీసాలో నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. మలం కలిసిన నీళ్లలో ఉండే క్రిములున్నప్పుడు అలా మారుతుంది. ఆ ఇంటి పెద్దావిడ సీసాను వెలుగులో పట్టుకుని చూసి, "ఇప్పుడేం చేయాలమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. అది ఆమె తప్పు కాదు. నల్లబడితే ఎవరికి చెప్పాలో, ఎవరొచ్చి బోరులో క్లోరిన్ వేయాలో, గుంటను ఎవరు చూడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేం ఫోన్ చేసిన చోటల్లా ఇది మా పని కాదన్నారు. గోడ అవతల పక్కింటి ఒరల గుంట ఇప్పటికీ అక్కడే ఉంది.

బోరు నీళ్లు తాగేది ఎవరు, అందరూ క్యాన్ నీళ్లే కొంటున్నారు కదా అని కొందరు అధికారులు అంటుంటారు. క్యాన్ నీళ్లు మేం సరదాకి కొనడం లేదు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. తాగడానికి క్యాన్ కొన్నా, బియ్యం, ఆకుకూరలు కడిగేది బోరు నీళ్లతోనే. పిల్లలు పళ్లు తోముకుని పుక్కిలించేదీ ఆ నీళ్లే. డబ్బు లేని రోజున తాగేదీ అవే. కాచి తాగమని ఆరోగ్య సిబ్బంది చెబుతారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. గుంటల నుంచి దిగే నైట్రేటు అనే లవణమూ పోదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేటు నీళ్లతో పాలపొడి కలిపి పడితే నెలల పిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు. నైట్రేటుకు రంగూ లేదు, రుచీ లేదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నిబంధనలు లేవని నేను అనడం లేదు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం బోరుకు అనుమతి ఉండాలి. ఊరికి నీళ్లిచ్చే బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోర్ల మీద ఆంక్షలున్నాయి. అదే ఏడాది పంచాయతీల లేఅవుట్, భవన నిబంధనలు కూడా వచ్చాయి. బోరుకూ బోరుకూ దూరం చూస్తున్నారు, నీళ్లు తగ్గిపోతాయని. బోరుకూ గుంటకూ దూరం కూడా చూడమని అడుగుతున్నాను. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు. ప్లాను కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ అధికారి స్థలానికి వచ్చి, చుట్టుపక్కల నాలుగిళ్ల బోర్లు, గుంటలు కూడా చూసి, ముగ్గు పోసి చోటు చూపించాలి. దూరం కుదరని వీధుల్లో అడుగు కాంక్రీటు చేసిన ట్యాంకే కట్టాలని రాసివ్వాలి. ట్యాంకులోంచి బయటికొచ్చే నీటిని నాలుగైదిళ్లకు కలిపి, బోర్లకు దూరంగా ఇంకించే చోటు చూపించాలి. అప్పటిదాకా ఆ వీధికి కుళాయి నీళ్లే ఆధారం కావాలి.

జిల్లా అంతటికీ ఒకే కొలత పనికిరాదు. నీటి మట్టం లోతుగా ఉండి, మట్టి మందంగా ఉన్న చోట జంట గుంటల మరుగుదొడ్డి మంచిది. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసి ఉంచితే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇసుక నేల, కొద్ది లోతులోనే నీళ్లు. అక్కడ అదే గుంట తవ్వితే సరాసరి నీళ్లలోకే దిగుతుంది. పైగా ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు జిల్లాలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. అలాంటప్పుడు గుంటలన్నీ నిండి వీధుల్లోకి వస్తాయి. ఏటా చేసే పరీక్ష వానలు తగ్గాక, సంక్రాంతి లోపు చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

గుంట నిండాక ఏమవుతుందన్నది కూడా చూడాలి. ట్యాంకరు వస్తుంది, తోడుకుంటుంది, చీకటి పడ్డాక వాగులోనో చెరువు కట్ట పక్కనో వదిలేసి పోతుంది. డ్రైవరును తిట్టి లాభం లేదు, తీసుకెళ్లి పోయడానికి అతనికి ఒక చోటంటూ చూపించలేదు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ఈ వ్యర్థాల శుద్ధికీ చోటిచ్చారు. మండలానికో స్థలం చూపించండి, లేదా దగ్గరి పట్టణంలో శుద్ధి కేంద్రం ఉంటే అక్కడ పోయనివ్వండి. ట్యాంకర్ల నంబర్లు, ధర పంచాయతీ బోర్డు మీద రాయించండి. ధర భారమైన చోట మనుషులను గుంటలో దించుతున్నారు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. విషవాయువుకు మనుషులు చనిపోతున్న వార్తలు మాత్రం ఆగలేదు.

డబ్బు సంగతి మీకు తెలియనిది కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించారు. కావలసిన మనుషులున్నారు. నల్లబడ్డ సీసా ఎవరికి చూపించాలో చెప్పే ఒక ఉత్తర్వు, పంచాయతీ గోడ మీద ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు కావాలి. పంచాయతీరాజ్, నీటి సరఫరా రెండూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నాను.

జిల్లా మొత్తం ఒకేసారి వద్దు. రాతి నేల ఉన్న మా వైపు ఒక పంచాయతీ, ఇసుక నేల ఉన్న కొత్తపట్నం వైపు ఒక పంచాయతీ తీసుకోండి. వచ్చే తుపాన్ల కాలం లోపు వాటిలో ప్రతి ఇంటి బోరూ, గుంటా పటం మీద గుర్తు పెట్టించండి, జనవరిలో నీళ్లు పరీక్ష చేయించండి. మా ఊరిని ఎంచుకుంటే ఇంటింటికీ తిరగడానికి మా పొదుపు సంఘాల ఆడవాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పల్లెలో ఇల్లు కట్టుకున్న ఒక గృహిణి,
దర్శి ప్రాంతం, ప్రకాశం జిల్లా