ప్రకటనల విరామంలో డీఎన్‌ఏ పరీక్ష!

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ టీవీ పేజీలో, సీరియళ్లలో సైన్సుకీ చోటు దొరుకుతోందని మురిసిపోయారు. ఊరుకుందామనుకున్నాను గానీ నా వల్ల కావడం లేదు.

ఏం సైన్సండీ అది? అత్తగారు దువ్వెనలోంచి వెంట్రుక తీసి కవర్లో పెడుతుంది. ప్రకటనలు అయ్యేలోగా డీఎన్‌ఏ రిపోర్టు వచ్చేస్తుంది. దాన్నెవరో మార్చేస్తారు, కథ ఇంకో ఆరు నెలలు సాగుతుంది. కుదురుతో ఊడిరాని వెంట్రుకతో మామూలు తండ్రీబిడ్డల పరీక్ష కుదరదని చెప్పే ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కడూ ఆ రచయితకి దొరకలేదా? ఇక శాస్త్రవేత్త అంటే చింపిరి జుట్టు, సోడాబుడ్డి కళ్లద్దాలు, పొగలు కక్కే రంగునీళ్లు. పిచ్చోడు, లేదంటే విలను.

వార్తా ఛానళ్లది ఇంకో తీరు. గ్రహణం వచ్చిందంటే ఏ రాశివారు ఏం దానం చెయ్యాలో జ్యోతిష్కులు గంటల తరబడి చెబుతారు. భూమి నీడ గురించి చెప్పడానికొచ్చిన మాస్టారికి చివర్లో అర నిమిషం. అందులోనూ "అయితే మన పెద్దలు వెర్రివాళ్లంటారా?" అని అడ్డు తగలడం.

విశాఖలో ఉండి ఇవి చూడ్డం మరీ ఒళ్లుమంట. తుపాను హెచ్చరిక కేంద్రం మన ఊళ్లోనే ఉంది. 2014లో హుద్‌హుద్ ఇటే వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పబట్టి కదా తీరంలో జనాన్ని తరలించారు? టీవీలో మాత్రం తుపాను అంటే మైకుతో నడుంలోతు నీళ్లలో ఊగే విలేకరే. 2020లో ఇక్కడి వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం లీకై 12 మంది పోయారు. ట్యాంకులో వేడి పెరిగితే ఆ ద్రవం తనంతట తానే ఇంకా ఎలా వేడెక్కిపోతుందో బోర్డు మీద గీసి చెప్పిన కార్యక్రమం నా కంటైతే పడలేదు.

టీవీని అని ఏం లాభం లెండి. బళ్లలో ల్యాబు తాళం తీసేది జాతీయ సైన్స్ దినోత్సవమైన ఫిబ్రవరి 28నే. సైన్స్ ఎగ్జిబిషన్‌కి అధికారిగారు మిట్టమధ్యాహ్నం విచ్చేసి, రిబ్బను కత్తిరించి, వంటసోడా అగ్నిపర్వతం పక్కన ఫొటో దిగి కారెక్కేస్తారు. పొద్దుట్నుంచి బట్టీపట్టిన పిల్లాడు రెండో వాక్యం దగ్గరే ఆగిపోతాడు.

కన్నీళ్లే కావాలంటే 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ తీయొచ్చుగా! తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన సోదరులు ఇద్దరు పోయారు. తర్వాత ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ని ఆయన బృందమే అమెరికాలో తయారుచేసింది. మన బోదకాలు మాత్రా వాళ్ల చలవే. కాకపోతే అందులో దువ్వెన ఉండదు.

అన్నట్టు, మీరు సైన్సుని మెచ్చుకున్న పేజీ వెనకే వారఫలాలు వేశారు. నా రాశికి ఈ వారం పత్రికలవారితో వాదనలు కూడదట.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
సీతమ్మధార, విశాఖపట్నం