మన ఎనుముకు దిష్టి కాదేమో అమ్మా

కబ్ద్, కువైట్
సంక్రాంతి వెళ్ళిన వారం

అమ్మకు,

నేను బాగున్నాను. మొన్న ఫోన్లో ఎనుము గురించి నువ్వు చెప్పిందే తలలో తిరుగుతోంది. రెండు పూటలా కలిపి ఆరు లీటర్లు ఇచ్చేది నాలుగుకు దిగిందని, మేత బాగానే మేస్తోందని, దిష్టి తగిలిందేమోనని గండి అంజన్నకు టెంకాయ మొక్కుకున్నానని అన్నావు. మొక్కు తీర్చుకో, నేను వద్దనను. కానీ అది దిష్టి కాదని నా అనుమానం. ఫోన్లో చెప్తే సగం విని "సర్లే నాయనా" అంటావు. అందుకే రాసి, సెలవు మీద ఊరికొస్తున్నాయన చేతికిచ్చాను. పాపా, అమ్మకు నిదానంగా చదివి వినిపించు.

ఇక్కడ నేను చూసేవి 18 పాలొంటెలు. అన్నీ నల్లవే, మజాహీమ్ అంటారు. ఇప్పుడు వీటికి ఈనే కాలం. మన ఎనుము పది నెలలు మోస్తే ఒంటె పదమూడు నెలలు మోస్తుంది. పిల్ల కుడిస్తేగానీ చేపదు. చేపినా రెండు నిమిషాలకు మించి నిలవదు. అందుకని ఇద్దరం చెరో పక్కన చేరి, ఒంటికాలి మీద నిలబడి, రెండో మోకాలి మీద గిన్నె పెట్టుకుని పిండుతాం. మొదటి నెలలో గిన్నెలో పడ్డవాటికన్నా ఇసుకలో పోసిన పాలే ఎక్కువ. నువ్వు చూసుంటే నవ్వి చచ్చేదానివి.

ఒంటెకూ నాలుగు చన్నులే. కానీ ఒక్కో చన్నుకు మామూలుగా రెండేసి రంధ్రాలుంటాయి, లోపల పాల అరలు కూడా దేనికదే. ఒక అరలో చీముంటే పక్క అరలో మంచి పాలుండొచ్చు. ఆ రంధ్రాలు మరీ సన్నం. ఆవులకు చన్నులోకి ఎక్కించే మందు ట్యూబు వీటికి సరిగా దూరదు. అందుకే ఎక్కువగా సూదులే.

ఒకదానికి పొదుగు వాపు నా వల్లే వచ్చింది. రాత్రిపూట పిల్ల తాగెయ్యకుండా చన్నులకు దారం కడతారు. నేను మరీ బిగించి కట్టాను. తెల్లారేసరికి చన్ను కమిలి పగిలింది. మూడో రోజుకు పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడింది, చెయ్యి వేస్తే కాలు విసిరింది. పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. యజమాని తిట్టాడు, అరబ్బీలో కాబట్టి సగమే తగిలింది. పాలు ల్యాబుకు పంపితే స్టెఫైలోకాకస్ అని తేలింది. పాపా, నీ బైపీసీ పుస్తకంలో ఈ పేరుండే ఉంటుంది. పగిలిన చోటు నుంచి, పిడుదులు కుట్టిన పుండ్ల నుంచి, కడుక్కోని మా చేతుల నుంచే అది లోపలికి పోయేది.

డాక్టరు ఆ ఒక్కదానితో ఆగలేదు, అన్నిటినీ చూశాడు. నాలుగు గుంతల ప్లాస్టిక్ పళ్ళెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పట్టి, మందు నీళ్ళు పోసి తిప్పాడు. జబ్బున్న పాలు గంజిలా చిక్కబడతాయి. ఏ వాపూ లేని మూడు ఒంటెల పాలు అట్లా గంజి కట్టాయి! పొదుగు మెత్తగానే ఉంది, పాలు తెల్లగానే ఉన్నాయి, మేత మేస్తున్నాయి. కాస్త తక్కువ ఇస్తున్నాయి, అంతే. నాకు వెంటనే మన ఎనుము గుర్తొచ్చింది.

ఆ మందు మన ఊళ్ళో దొరక్కపోయినా ఫరవాలేదు. అర లీటరు నీళ్ళలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కరిగించు. నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లో కొంచెం కొంచెం పట్టు. పాలెంతో ఆ నీళ్ళంతే పోసి నిమిషం తిప్పు. ఏదైనా జిగురు కడితే 1962కు ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్సు వస్తుంది. పసుపూ కలబందా పూస్తే పూయి, దాంతోనే సరిపెట్టొద్దు. సూది వేశాక డాక్టరు చెప్పినన్నాళ్ళు ఆ పాలు కేంద్రానికి పోయొద్దు. నాయన గొణుగుతాడు, గొణగనీ. ఇక్కడ మా యజమానీ ఆ పాలన్నీ పారబోయించాడు.

ఇంకొకటి. పిండిన వెంటనే ఎనుమును పేడలో పడుకోనివ్వొద్దు. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంటైనా పడుతుంది. అప్పుడే శనక్కాయ కట్టె వేస్తే నిలబడి మేస్తుంది.

నేను బిగించి కట్టిన ఒంటెకు వాపు తగ్గింది. ఆ చన్ను మాత్రం ఎండిపోయింది. నేను పచ్చిపాలు తాగుతున్నానేమోనని టెన్షన్ పడొద్దు, కాచుకునే తాగుతున్నాను.

ఏ గిన్నెలో జిగురు కట్టిందో పాపతో ఫోన్ చేయించు. పోయినేడు కంప గీరుకుంది చూడు, ఆ కుడి పక్క వెనక చన్నేనని నా పందెం.

నీ పెద్దోడు