పలక మీద మూడు గుంటలు

ఒరే అబ్బయా,

ఎట్టున్నావు? ఫోన్లో అత్త సంగతి అడిగావు, బస్సు గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. శనివారం పొద్దున ఒంగోలులో దిగి నేరుగా చీమకుర్తి వెళ్ళాను. అత్త ఇప్పుడు నయమే. నడుం నొప్పి తగ్గింది, వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంటోంది. నాకోసం గోంగూర పచ్చడి నూరించింది, తను మాత్రం పెరుగన్నమే తింది.

ఆమెకి వచ్చింది మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్. వారానికోసారి బోర్టెజోమిబ్ ఇంజెక్షన్. మూడు వారాలు రోజూ లెనాలిడోమైడ్ క్యాప్సూల్, నాలుగో వారం విరామం. రాత్రి మందు వేసుకుంటూ, "ఇన్నేళ్ళు అదేందో చదివావు కదరా, ఇది నా ఒంట్లో పోయి ఏం చేస్తదో చెప్పు" అంది. గంటసేపు చెప్పాను. తర్వాత గుర్తొచ్చింది, అయిదేళ్ళు నేను దేని మీద పనిచేశానో నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదని.

మన కణాల్లో యుబిక్విటిన్ అని ఒక బుల్లి ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాలనే పూసల దండలే, దీంట్లో ఉన్నవి మొత్తం 76 మాత్రమే. పని అయిపోయిన ప్రోటీన్‌కి దీన్ని ఒకదాని వెనుక ఒకటిగా, గొలుసులా తగిలిస్తారు. పొగాకు బేలుకి చీటీ కట్టినట్టు అనుకో. ఆ గొలుసు కనపడగానే ప్రోటియాజోమ్ అనే పీపా లాంటి యంత్రం దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. దీన్ని కనిపెట్టినందుకే సీహనోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఏ ప్రోటీన్‌కి గొలుసు తగిలించాలో ఎంచేవి ఇ3 లైగేజ్‌లు. మన ఒంట్లో ఇవి ఆరు వందలకు పైగా ఉన్నాయి.

అత్త ఇంజెక్షన్ ఆ పీపాకే అడ్డుపడుతుంది. చెత్త లోపల పేరుకుపోయి క్యాన్సర్ కణం ఊపిరాడక చస్తుంది. నా పని అంతకు ముందు మెట్టులో. ఇ3 లైగేజ్, అది పట్టుకోబోయే ప్రోటీన్, ఈ రెండూ అసలు కలుసుకోకుండా మధ్యలో ఒక చిన్న అణువును దూర్చడం.

ఇది ఎందుకు కష్టమో మన చీమకుర్తి వాళ్ళకి చెప్పడం తేలిక. పాలిష్ పట్టిన గ్రానైట్ పలక మీద చెయ్యి పెడితే జారిపోతుంది కదా, ఎక్కడా పట్టు దొరకదు. రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి తాకే చోటు చాలాసార్లు అట్టాగే ఉంటుంది, వెడల్పుగా, చదునుగా. అంత పలకని ఒక చిన్న మందు అణువు పట్టుకోలేదనే చాలా ఏళ్ళు అందరూ అనుకున్నారు.

కానీ పి53 కథ వేరే. కణం చెడిపోతుంటే ఆపేది, అవసరమైతే చంపేసేది ఈ ప్రోటీనే. ఎమ్‌డీఎమ్2 అనే ఇ3 లైగేజ్ దీన్ని పట్టుకుని గొలుసు తగిలిస్తుంది. 1996లో ఈ రెండూ కలిసున్న స్ఫటికాన్ని ఎక్స్‌రేతో చూస్తే ఎమ్‌డీఎమ్2 మీద లోతైన గాడి ఒకటి కనపడింది. 393 అమైనో ఆమ్లాల పి53లోంచి మూడంటే మూడే, 19వది, 23వది, 26వది, ఆ గాడిలోని మూడు గుంటల్లో వేళ్ళలా దిగి ఉన్నాయి. పలకంతా పట్టుకోనక్కర్లేదు, ఆ మూడు గుంటలు పూడిస్తే చాలు! నేను ఆ బొమ్మ మొదటిసారి చూసిన రోజు రాత్రి నిద్రపోలేదురా.

2004లో రోష్ కంపెనీ వాళ్ళు సరిగ్గా ఆ గుంటల్లో కూర్చునే అణువుల్ని చేశారు. అప్పట్లో వాళ్ళ ల్యాబ్ ఉన్న, అమెరికాలోని నట్లీ అనే ఊరి పేరు మీద వాటికి నట్లిన్‌లు అని పేరు పెట్టారు. మన మొలగొలుకులకి నెల్లూరు పేరు అంటుకున్నట్టు. నట్లిన్ గుంటల్లో కూర్చుంటే పి53 చేజిక్కకుండా తప్పించుకుని, పెరిగి, క్యాన్సర్ కణాన్ని ఆపుతుంది. కాకపోతే పి53 చెడకుండా ఉన్న కణాల్లోనే. క్యాన్సర్లలో దాదాపు సగంలో అదే చెడిపోయి ఉంటుంది. పైగా మంచి కణాల్లోనూ పి53 పెరుగుతుంది కాబట్టి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ దారిలోనే వచ్చిన ఇడాసానట్లిన్‌ని ఒకరకం బ్లడ్ క్యాన్సర్ మీద పెద్ద ట్రయల్ చేస్తే రోగుల ఆయుష్షు పెరగలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నేను చేసిన అణువూ అంతే. గాజు గొట్టంలో గుంటల్ని బ్రహ్మాండంగా పట్టుకుంది. కణాల మీద వేసేసరికి నీళ్ళలో కరగక తెల్లటి పొడిలా అడుగున పేరుకుంది. రెండేళ్ళ పని. ఆ గుంటల మీద నాకు నమ్మకం మాత్రం పోలేదు, మళ్ళీ మొదలుపెడతాను.

అత్త క్యాప్సూల్ చేసేది దీనికి పూర్తిగా ఎదురు పని. ఇ3 లైగేజ్‌లో భాగమైన సెరెబ్లాన్‌కి అతుక్కుని, మైలోమా కణానికి ప్రాణాధారమైన ఇకరోస్, అయోలోస్ అనే రెండు ప్రోటీన్లని దానికి అప్పజెబుతుంది. విడదీయడం కాదు, కలపడం. ఇది తేలింది 2014లో, మందు మాత్రం అంతకు చాలా ముందు నుంచే వాడుతున్నారు.

ఇంకోటి, ఇది థాలిడోమైడ్ నుంచి పుట్టిన మందు. 1950ల చివర్లో, 60ల మొదట్లో ఆ మందు వాడిన తల్లులకి ప్రపంచమంతా పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. అత్త కోడలికి ఇప్పుడు నాలుగో నెల. మందులు తీసిచ్చేది ఆ అమ్మాయేనని తెలిసి నా గుండె ఆగినంత పనైంది. గర్భిణులు ఆ క్యాప్సూల్‌ని ముట్టుకోకూడదు. డబ్బా తీసి బావ బీరువాలో పెట్టించాను, ఇకనుంచి వాడే తీసిస్తాడు.

సోమవారం అత్తకి మళ్ళీ రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు ఎంతొచ్చాయో రాత్రికి ఫోన్ చేసి చెబుతా. సంక్రాంతికి వస్తే కొత్తపట్నం వెళ్దాం, నీకు ఆ గాడి బొమ్మ చూపించాలి.

నీ
చిన్ననాటి నేస్తం