చేయి తిరగడానికి అయిన ఖర్చు: ల్యాబ్ శిక్షణ నిధి జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం.

మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదువుతున్న పిల్లల ప్రాక్టీసు కోసం మనం కూడబెట్టిన నిధి లెక్క ఇది. బిల్లులు, రశీదులు, వోచర్లు అంటించిన పుస్తకం కమిటీ గదిలో బల్ల మీద ఉంది, ఎవరైనా వచ్చి తిరగేయొచ్చు. ఇక్కడ మాత్రం మొత్తాలు వేయడం లేదు, వందకు ఇన్ని పాళ్లు అని చెబుతున్నాను. కిందటిసారి మొత్తాలన్నీ వేస్తే చాలామంది చివరి గీత కింద అంకె చూసి కాగితం మడిచేశారు. పాళ్లలో అయితే మీరిచ్చింది కొంచెమైనా ఎక్కువైనా దాన్నే వంద అనుకుని, అందులో సూదుల కింద ఎంత పోయింది, టీకాల కింద ఎంత పోయింది అని ఎవరి లెక్క వాళ్లు చూసుకోవచ్చు.

జమ

వందలో 61 పాళ్లు మన కోర్సు చదివి ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పాత విద్యార్థులు పంపారు. వీళ్లలో ఎక్కువమంది నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లే. కోశాధికారిగా నాకూ అదే హాయి, ఏ నెలలో ఏం కొనగలమో ముందే తెలుస్తుంది. పాఠాలు చెప్పేవాళ్లు, సిబ్బంది కలిసి 14 పాళ్లు. విద్యార్థుల ఇళ్ల నుంచి 6. వాళ్లను అడగకూడదని మనం తీర్మానం చేసుకున్నాం, అడగలేదు కూడా. వాళ్లంతట వాళ్లే తెచ్చి ఇచ్చారు, రశీదు రాశాం. బాగుచేయడానికి వీల్లేని రెండు మైక్రోస్కోపులు, విరిగిన స్టాండ్లు తూకానికి అమ్మితే 4. నిరుటి నిల్వ 15. అంతటితో వంద.

లెక్కలోకి రాని దానం ఒకటుంది. రిటైరైన సీనియర్ టెక్నాలజిస్టు ఒకాయన తన స్లైడ్ల పెట్టె ఇచ్చేశారు. చెక్కపెట్టె, లోపల గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో స్లైడు, ఒక్కోదాని చివర డైమండ్ పెన్సిల్‌తో గీకిన చిన్న అక్షరాలు. ఫాల్సిపేరమ్ మలేరియాలో కనిపించే చంద్రవంక ఆకారపు గామిటోసైట్లు (మలేరియా పరాన్నజీవి దశల్లో ఒకటి), ఫైలేరియా పురుగు పిల్లలు, లుకేమియా రక్తం. పుస్తకంలో బొమ్మ చూడటం వేరు, లెన్సు కింద ఫీల్డు తర్వాత ఫీల్డు జరుపుతూ పోతుంటే ఒక్కసారిగా ఆ వంక కనపడటం వేరు. దీనికి ఏ ధర కట్టాలో తెలియక పుస్తకంలో ‘పెట్టె ఒకటి’ అని మాత్రం రాశాను.

ఇంకొకరు పాత సెంట్రిఫ్యూజ్ ఇస్తామన్నారు. మూత లాక్ పనిచేయడం లేదు. నిమిషానికి వేల చుట్లు తిరిగేదాని మూత మధ్యలో తెరుచుకుంటే, లోపల ట్యూబు పగిలితే, రక్తం తుంపరలుగా గదంతా లేస్తుంది. వద్దన్నాం. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఇది చదివితే అర్థం చేసుకుంటారని ఆశ.

ఖర్చు

అందరూ అడిగిన ప్రశ్న ముందు తీసుకుంటాను. “ఇంత డబ్బు వచ్చింది కదా, ఒక మంచి ఎనలైజర్ కొనొచ్చుగా? ఇప్పుడు అన్నీ మెషిన్లే చేస్తున్నాయి.” కమిటీలో కూడా దీని మీద రెండు మీటింగులు గొడవపడ్డాం. చివరికి కొనకూడదనే తేలింది. అందుకే ఈసారి లెక్కలో పెద్ద పద్దు వాడి పారేసే సామానుదే: 34 పాళ్లు. సూదులు, ట్యూబులు, స్లైడ్లు, కవర్‌స్లిప్పులు, పైపెట్ టిప్పులు, గ్లోవ్స్, లాన్సెట్లు. ఏడాది చివర చూస్తే బీరువాలో ఏమీ కనపడదు. డబ్బంతా చెత్తడబ్బాలోకి పోయిందని ఎవరికైనా అనిపిస్తే తప్పు పట్టను.

కానీ ఒక సంగతి చూడండి. ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే ఇంటిల్లిపాదికీ ఎంత టెన్షనో మీకు తెలుసు. కొందరి రక్తం ఈడీటీఏ ట్యూబులో (గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబు) పడగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. మెషిన్ ఆ గుంపును ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు, కౌంట్ బాగా తక్కువ చూపిస్తుంది. మనిషికి ఏమీ ఉండదు. దాన్ని పట్టుకునేది స్మియర్, అంటే స్లైడు మీద రక్తాన్ని పల్చటి పూతగా చేసి, ఆ పూత చివర గుంపులున్నాయేమో కంటితో చూసిన టెక్నాలజిస్టే. అప్పుడు సిట్రేట్ అనే ఇంకో రసాయనమున్న ట్యూబులో మళ్లీ రక్తం తీసి, ఆ ద్రవం కలిసి పల్చబడినందుకు వచ్చిన కౌంట్‌ను 1.1తో గుణిస్తే సాధారణంగా అసలు సంఖ్య బయటపడుతుంది. మెషిన్ కొంటే పిల్లలు బటన్ నొక్కడం ఒక్క పూటలో నేర్చుకుంటారు. స్మియర్ చూడటం అలా రాదు.

స్మియర్ చేయడమూ అంతే. వినడానికి సులువు: స్లైడు చివర చిన్న చుక్క, ఇంకో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి వెనక్కి లాగి చుక్కను తాకించాలి, రక్తం ఆ అంచు పొడవునా పాకగానే ఒకే తోపుతో ముందుకు. చేయి మధ్యలో ఒక్క క్షణం తటపటాయిస్తే పూత మెట్లుమెట్లుగా వస్తుంది. చుక్క పెద్దదైతే స్లైడు చివరిదాకా పోతుంది, చూడటానికి పల్చటి చోటే మిగలదు. సరిగ్గా వస్తే నాలుక ఆకారంలో ఉండి, చివర పక్షి ఈకలా పల్చబడుతుంది. మొదటి ఏడాది పిల్లలు స్లైడ్ల పెట్టెలు పెట్టెలు ఖాళీ చేస్తారు. ఒకబ్బాయి మొదటి రోజు చేసిన 12 స్లైడ్లూ పారేయాల్సొచ్చింది. నెల తిరిగాక అతని స్లైడే క్లాసులో చూపించారు. చేయి తిరగడం అంటే ఇదే, ఆ 34 పాళ్లలో ఎక్కువ భాగం దీనికే.

స్టెయిన్లు (కణాలకు పట్టించే రంగులు), రీఏజెంట్లు (పరీక్ష రసాయనాలు), కంట్రోల్ సీరం కలిపి 17. లీష్మన్ స్టెయిన్ పోసి రెండు నిమిషాలు ఆగాలి, దాని మీద రెండింతల బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) కలిపి మరో ఏడు నుంచి పది నిమిషాలు. బఫర్ పీహెచ్ 6.8 దగ్గర లేకపోతే క్షార గుణం ఎక్కువై అంతా నీలంగానో, ఆమ్ల గుణం ఎక్కువై అంతా ఎర్రగానో వస్తుంది. మధ్యలో ఒక బ్యాచ్ మొత్తం నీలంగా వచ్చింది, తప్పు బఫర్‌దే. మళ్లీ కలిపాం, ఆ ఖర్చు కూడా ఇందులోనే ఉంది.

కంట్రోల్ సీరం మీద ఒక సభ్యుడు గట్టిగానే అభ్యంతరం చెప్పారు: “ఎవరికీ రిపోర్టు ఇవ్వని సీరానికి ఇంత ఖర్చా?” రోగుల శాంపిళ్లు పెట్టేముందు, విలువ ముందే తెలిసిన ఈ సీరం పెట్టి మెషిన్, రీఏజెంట్, మన చేయి మూడూ సరిగా ఉన్నాయా అని చూసుకుంటాం. వచ్చిన విలువను రోజూ చార్టు మీద చుక్కగా పెడతాం. ల్యాబుల్లోకి ఈ చార్టు తెచ్చినవాళ్లు లీవీ, జెన్నింగ్స్, 1950లో. ఏ చుక్క ఎక్కడ పడితే రిపోర్టులు ఆపాలో చెప్పే వెస్ట్‌గార్డ్ నియమాలు 1981లో వచ్చాయి. ఏ తప్పూ లేకపోయినా వందలో అయిదు చుక్కల దాకా రెండు ఎస్‌డీల (స్టాండర్డ్ డీవియేషన్, సగటు నుంచి విలువలు ఎంత చెదురుతాయో చెప్పే కొలత) గీత దాటడం సహజం. దాటగానే కంగారుపడకూడదు, పట్టించుకోకుండానూ ఉండకూడదు. చుక్క గీత లోపలికి వచ్చేదాకా అదే కంట్రోల్‌ను మళ్లీ మళ్లీ పెట్టే అలవాటు చాలామంది టెక్నీషియన్లకు ఉంది. అది మందు లేని జబ్బు. పిల్లలకు అది అంటకముందే కంట్రోల్ చేతికివ్వాలన్నది మా అభిప్రాయం. పొడిగా వచ్చే ఆ సీసాలో కచ్చితంగా కొలిచిన డిస్టిల్డ్ వాటర్ పోసి మెల్లగా తిప్పాలి, కుదపకూడదు. ఒకమ్మాయి దగ్గు మందు సీసాలా ఊపేసింది, సీసా నిండా నురగ. ఆ సీసా పారబోశాం. ఆ అమ్మాయి ఇప్పుడు కొత్తవాళ్లను ఆ సీసా ముట్టుకోనివ్వదు.

మైక్రోస్కోపుల మరమ్మతుకు 12. ఇందులో ముప్పాతిక వంతు స్వయంకృతం. 100ఎక్స్ లెన్సుకు నూనె వాడతాం, పని అయ్యాక తుడవాలి. తుడవకపోతే ఎండి అట్ట కడుతుంది. అంతకన్నా పెద్ద తప్పు, నూనె చుక్క అలాగే ఉండగా 40ఎక్స్ లెన్సు తిప్పేయడం. అది నూనెకు చేసిన లెన్సు కాదు. ఇలా పాడైనవి మూడు, వాటిలో ఒకదానికి లెన్సే మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి మైక్రోస్కోపు పక్కన లెన్స్ పేపరు, సంతకాల పుస్తకం పెట్టాం.

రక్తం తీయడం నేర్చుకునే రబ్బరు చేతులకు 9. లోపల రబ్బరు నాళాలు, వాటిలో ఎర్రనీళ్లు. అందరూ మోచేతి మడత దగ్గరే గుచ్చుతారు కాబట్టి కొన్నాళ్లకు అక్కడ జల్లెడ అయిపోయి ఎర్రనీళ్లు బల్ల మీద కారతాయి. చర్మం, నాళం మార్చుకోవచ్చు, అదే ఈ ఖర్చు. ఇక్కడ 30 సార్లు సరిగా తీసిన తర్వాతే అసలు మనిషి చేయి పట్టుకోవాలని మనమే పెట్టుకున్న నియమం. టూర్నికే (చేతికి బిగించే పట్టీ) నిమిషం మించకూడదు, ట్యూబుల వరస తప్పకూడదు అన్నవి కూడా ఈ చేతి మీదే అలవాటు చేస్తాం. ఈడీటీఏ ట్యూబులో ఉండేది పొటాషియం లవణం. వరస తప్పి దాని చుక్క సీరం ట్యూబులోకి చేరితే పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ అని రిపోర్టు వస్తుంది. ఏ జబ్బూ లేని మనిషికి గుండె భయం పట్టుకుంటుంది.

హెపటైటిస్-బి టీకాలకు 8 పాళ్లు. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష, లీటరుకు కనీసం 10 అంతర్జాతీయ యూనిట్లు రావాలి. టీకా లేనివాళ్లకు ఈ వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వందలో 6 నుంచి 30 మందికి సోకే ప్రమాదం ఉంది. అందరూ భయపడే హెచ్‌ఐవీకి అది వెయ్యిలో ముగ్గురే. ఈ పద్దులో ఒక్క పాలు కూడా తగ్గించేది లేదని ముందే తీర్మానించాం.

ఫీజు కట్టలేని వాళ్ల పరీక్ష ఫీజులు, పుస్తకాలకు 7. పేర్లు బయటపెట్టం. వాడిన సూదుల డబ్బాలు, వ్యర్థాలు పంపించడానికి 4. పైపెట్ల క్యాలిబ్రేషన్‌కు (కొలత సరిచూడటానికి) 2. ఒకటి 100 మైక్రోలీటర్లకు 94 మాత్రమే వేస్తోందని నీళ్లు తూచి చూస్తే తేలింది. రవాణా, ప్రింటింగు, బ్యాంకు చార్జీలు అన్నీ కలిపి 1. రవాణా బిల్లు ఒకటి పోగొట్టుకున్నాను, అది నా జేబులోంచి వేసుకున్నాను, పుస్తకంలో లేదు.

ఇక నష్టం, 2 పాళ్లు. ఇది నా పొరపాటు. నీలం మూత సిట్రేట్ ట్యూబులు ఒకేసారి ఎక్కువ తీసుకుంటే తగ్గిస్తామన్నారు, తీసుకున్నాను. గడువు నాలుగు నెలలే ఉందని చూడలేదు. పైగా కిటికీ పక్కన, ఎండ పడే అరలో పెట్టాం. ఒక రోజు రబ్బరు చేతి మీద ఒకమ్మాయి ట్యూబు గుచ్చితే ఎర్రనీళ్లు గీత కిందే ఆగిపోయాయి. సూది సరిగా పోలేదని మేడం అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ గుచ్చింది, మళ్లీ అంతే. పక్కన ఇంకొకరిదీ అంతే. ఆ అమ్మాయే ట్యూబు తిప్పి లేబుల్ చదివి, “మేడం, ఇది డేటు అయిపోయి పదకొండు రోజులైంది” అంది. లోపలి వాక్యూమ్ తగ్గిపోయింది. సిట్రేట్ ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉండాలి. రక్తం తక్కువ పడితే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే సమయం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇవి అసలు మనుషుల మీద వాడలేదు, ఆ మాట రికార్డు చూసి మరీ చెబుతున్నాను. కొన్ని నీళ్ల ప్రాక్టీసుకు ఉంచి, మిగతావి పారేశాం. ఇకమీదట ట్యూబులు, రీఏజెంట్లు ఏవైనా ఇద్దరు గడువు చూసి సంతకం పెట్టాకే బిల్లు చెల్లిస్తాను.

నిల్వ 4 పాళ్లు, బ్యాంకులోనే ఉంది. కమిటీలో లేని ఇద్దరు పాత విద్యార్థులు ప్రతి వోచరూ సరిచూసి పుస్తకం చివరి పేజీలో సంతకం చేశారు. ట్యూబులు అమ్మినవాళ్లు సగం సరుకు మార్చి ఇస్తామని ఒప్పుకున్నారు, ఇంకా రాలేదు. వస్తే వచ్చే ఏడాది జమలో కనపడుతుంది.

కోశాధికారి,
శిక్షణ నిధి కమిటీ